పుల్లమ్మ ఎత్తుకు తిరిగిన బిడ్డ

రూప నీళ్లు తాగడం దాదాపు మానేసిందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. దాన్ని కనిపెట్టింది పాలమూరులో ఒక దవాఖానలో రోగులకు కసరత్తులు చేయించే సుచరిత. అది 2018 వేసవి. చలిజ్వరంతో, పొత్తికడుపులో మంటతో రూపను తెచ్చి ఆడవాళ్ల వార్డులో చేర్పించి అప్పటికి నాలుగు రోజులైంది. మూత్రంలో చీము చేరి మూత్రపిండాల దాకా పాకిందని డాక్టర్లు మందు ఎక్కించారు. జ్వరం దిగాక కీళ్లు ఎంతవరకు వంగుతున్నాయో చూడమని సుచరితను పంపారు.

ఆమె రూప మోకాళ్లు, మోచేతులు, వేళ్లు ఒక్కొక్కటే పట్టి చూసింది. వేళ్లన్నీ చిటికెన వేలి వైపు ఒరిగిపోయి ఉన్నాయి. పిడికిలి బిగియడం లేదు. చూస్తూనే మాటల్లో పెట్టింది.

"రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతవక్కా?"

"రెండు."

"గీ ఎండలల్ల రెండేనా? దూప కాదా?"

"అయితది."

"మరి?"

రూప తలుపు వైపు చూసింది. తల్లి పుల్లమ్మ సీసాలో నీళ్లు పట్టుకురావడానికి పోయింది, ఇంకా రాలేదు. అప్పుడు గొంతు తగ్గించి చెప్పింది. "నీళ్లు తాగితే బయటికి పోవాలె గద మేడం. నన్ను ఎత్తుకపోనీకి మా అమ్మ కూలి ఇడిచిపెట్టి రావాలె. పొద్దుగాల పనికి పోయేముందు ఒకసారి తీస్కపోతది, పొద్దూకి వచ్చినంక ఒకసారి. అందుకే రెండు."

సుచరిత కాగితం మీద ఏదో రాసుకుంది.

అప్పటికి రూపకు ముప్పై మూడేళ్లు. ఆత్మకూరు నుంచి కృష్ణ వైపు పోయే దారిలో వాళ్ల ఊరు. తండ్రి చిన్నప్పుడే పోతే పుల్లమ్మ కూలి చేసి కొడుకు పరశురాంను, బిడ్డను పెంచింది. పదిహేనేళ్లు రాకముందే రూప తల్లి వెంట నాట్లకు, కలుపుకు పోయేది. పత్తి ఏరడంలో ఆమెతో సమానంగా సాలు పట్టేవాళ్లు వాడలో ఒకరో ఇద్దరో. గద్వాల వైపు సంబంధం చూసి పెళ్లి చేశారు. తెలంగాణ వచ్చిన ఏడు, రెండోసారి కడుపు పోయిన కొన్నాళ్లకు, ఒక పొద్దున లేచేసరికి వేళ్లు వాచి ఉన్నాయి. నెల తిరగకముందే మోకాళ్లు, చీలమండలు వాచాయి. అక్కడి ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు వారాలు లేచి తిరిగేది, మళ్లీ మంచాన పడేది. అలా రెండేళ్లు సూదులతో గడిచాయి. నొప్పిని మింగే ఆ మందు లోపల ఎముకను కూడా మింగుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2016 దసరాకు ముందు భర్త ఆటోలో తెచ్చి తల్లిగారింటి ముందు దించాడు. "నయమైనంక ఫోన్ చెయ్యి, వచ్చి తీస్కపోత," అన్నాడు. కొన్నాళ్లకు ఆ నంబరు పనిచేయడం మానేసింది. ఇంకో పెళ్లి చేసుకున్నాడన్న కబురు ఏడాది తర్వాత ఎవరో పెళ్లికి పోయొచ్చి చెప్పారు.

పుల్లమ్మ బక్కపలచటి మనిషి. మంచం పక్కన గొంతుకూర్చుని, బిడ్డ చేతులు తన మెడ చుట్టూ వేయించుకుని, వీపు మీదికి లాక్కుని, గోడ పట్టుకుని లేచేది. ఇంటి వెనక మరుగుదొడ్డి దాకా అలాగే మోసుకుపోయేది. మోకాళ్లు వంగక రూప గొంతుకూర్చోలేదు కాబట్టి ఆమె పని అయ్యేదాకా చంకల కింద పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని నిలబడేది. నీళ్లు పోసేది. తల దువ్వేది. అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టేది. వాడలో అందరూ పుల్లమ్మ లాంటి తల్లి ఉండదనేవాళ్లు. చర్చిలో పాస్టరు ఒక ఆదివారం ఆమె పేరు చెప్పి మరీ మెచ్చుకున్నాడు. తల్లి పక్కనే చాప మీద కూర్చుని ఆ మాటలు వింటుంటే రూపకు తాను మనిషి నుంచి మూటగా మారిపోయినట్టనిపించింది. తల్లి వీపు మీద ఉన్నప్పుడు ఆ ముసలి ఎముకలు పటపటమనడం ఆమె ఛాతీకి తెలిసేది. ఆ చప్పుడు వినలేకనే ఆమె నీళ్లు తగ్గించింది.

దవాఖానలో తొమ్మిది రోజులు ఉంచుకుని, ఇది కీళ్లవాతమని, బతికున్నంత కాలం ఉంటుందని, వారానికొకసారి వేసుకునే గోళీలతో ముదరకుండా పట్టి ఉంచొచ్చని చెప్పి పంపారు. వాకరు కోసం సుచరిత కాగితం రాసిచ్చింది. మూడు నెలలకు ఆత్మకూరులో పెట్టిన క్యాంపులో వాకరు చేతికొచ్చింది. కొత్తది, తళతళలాడుతోంది. ఇంటికి తెచ్చి పట్టుకుంటే రూప వేళ్లు దాని పిడి చుట్టూ మూసుకోలేదు. అరచేయి ఆనించి బరువు వేయబోతే మణికట్టులో కత్తి దిగినట్టయింది. రెండు అడుగులు వేసి మంచం మీద కూలబడింది. వారం తిరిగేసరికి పుల్లమ్మ దాని మీద తడి బట్టలు ఆరేయడం మొదలుపెట్టింది.

తర్వాత పరీక్షకు పోయినప్పుడు సుచరిత అడిగింది. "నడుస్తున్నవా అక్కా?"

"చేతులు పడ్తలేవు మేడం. బట్టలు ఆరేస్తున్నం."

సుచరిత నవ్వలేదు. ఫోనులో ఒక బొమ్మ చూపించింది. ఆ వాకరుకు పిడుల బదులు మోచేతి నుంచి మణికట్టు దాకా ఆనించుకునే దొప్పలున్నాయి. "బరువు అరచేతుల మీద పడది. ముంజేతుల మీద పడ్తది. గిది క్యాంపుల దొరకది. మీ దగ్గర వెల్డింగు చేసేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

ఉన్నాడు. వాళ్ల వాడ వాడే ఇస్రాయేలు, ఆత్మకూరులో గేట్లు, కిటికీ జాలీలు చేసే దుకాణం పెట్టుకున్నాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆదివారం చర్చి అయ్యాక టేపు పట్టుకుని వచ్చాడు. రూపను గోడకు ఆనించి నిలబెట్టించి, నేల నుంచి మోచేతి దాకా రెండుసార్లు కొలిచాడు. ప్లాస్టిక్ పైపును నిలువునా రెండుగా కోసి దొప్పలు చేశాడు. పాత మోటారు సైకిలు సీటు స్పంజి కోసి వాటిలో పరిచాడు. ముందు రెండు కాళ్లకు చక్రాలు పెట్టాడు. మొదటిసారి చేసింది బరువెక్కి ఒక పక్కకు ఒరిగింది. దాన్ని మళ్లీ దుకాణానికి తీసుకుపోయి, ఇంకో రెండు వారాలకు పలుచటి పైపుతో చేసి తెచ్చాడు.

"జర చూడు చెల్లే. ఎక్కడ గుచ్చుకుంటాందో చెప్పు," అన్నాడు.

"ఎక్కడ లేదన్నా," అంది రూప. నిజానికి మోకాళ్లు మండుతున్నాయి. అయితే ఆ నొప్పి తనది, రోజూ ఉండేదే. కొత్తగా ఏదీ గుచ్చుకోలేదు.

మరుగుదొడ్డి గడప తీసేసి బండలు పరిచి వాలుగా చేసింది కూడా ఇస్రాయేలే. లోపల కూర్చోవడానికి మధ్యలో రంధ్రమున్న ఇనుప పీట ఒకటి బిగించాడు.

నెల రోజులు రూప ఇంట్లోనే మంచం నుంచి తలుపు దాకా, తలుపు నుంచి మంచం దాకా నడిచింది. మొదట్లో ఆ కాస్త దూరానికే చెమటతో జాకెట్టు తడిసిపోయేది. 2019 ఫిబ్రవరిలో, పుల్లమ్మ పల్లికాయ పీకడానికి పోయిన ఒక రోజు, ఆమె ఇల్లు దాటి వెనక్కి పోయింది. పోవడానికి, కొంగు సర్దుకోవడానికి, పీట మీద కూర్చుని లేవడానికి, తిరిగి రావడానికి దాదాపు గంట పట్టింది. వచ్చి మంచం మీద కూర్చున్నాక చాలాసేపు వణుకు తగ్గలేదు. తర్వాత కుండలో గ్లాసు ముంచుకుని నీళ్లు తాగింది. ఇంకో గ్లాసు తాగింది.

సాయంత్రం పుల్లమ్మ చేతులకు మన్ను కడుక్కుని ఎప్పటిలా మంచం పక్కన గొంతుకూర్చుంది.

"వద్దమ్మా. నేను పోయొచ్చిన."

"ఏడికి?"

"దొడ్డికి. ఒక్కదాన్నే పోయొచ్చిన."

పుల్లమ్మ లేచి వెనక్కి పోయి చూసింది. బండల మీద చక్రాల గీతలు కనిపించాయి. తిరిగొచ్చి పొయ్యి ముట్టించి అన్నం వండింది, బిడ్డకు పెట్టింది. తాను తినలేదు. ఎందుకని రూప అడిగితే, "ఆకలైతలేదు," అంది. ఆ రోజు బిడ్డ సంతోషపడుతుందని, తానూ సంతోషపడాలని పుల్లమ్మకు తెలుసు. రెండేళ్లకు పైగా తన వీపు మోసిన బరువు దిగిపోయేసరికి ఆ వీపును ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

మార్చి నుంచి రూప చర్చికి నడిచి పోసాగింది. గట్టి మనిషికి అది మూడు నిమిషాల దూరం. రూప అరగంట ముందు బయలుదేరేది. వాడలో అందరూ బండి అనే ఆ వాకరు చప్పుడు వినగానే పిల్లలు వెంటపడేవాళ్లు. అరుగుల మీద ఆడవాళ్లు మాటలు ఆపి చూసేవాళ్లు. "ఎందుకే బిడ్డా గింత తిప్పలు, మీ అమ్మ ఎత్తుకొస్తుండె గద," అని ఒకరిద్దరు ప్రేమగానే అన్నారు. రూప తల ఊపి ముందుకు పోయేది. ఆగితే మళ్లీ కదలడం కష్టం.

ఆగస్టులో రెండు రోజులు ముసురు పట్టింది. సీసీ రోడ్డు మీద పేడ, బురద కలిసి జారుడుగా ఉంది. ఈ ఆదివారం వద్దని పుల్లమ్మ చెప్పినా రూప వినలేదు. చర్చికి నాలుగు గజాల దూరంలో బండి ముందు చక్రం కాలువ అంచులోకి దిగింది. రూప పక్కకు పడింది. పెద్ద దెబ్బేమీ కాదు, వేరే మనిషైతే దులుపుకుని లేచేది. ఆమెకు భుజం కింద ఎముక విరిగింది. సూదులు తిన్న ఎముక అది. రెండు నెలలు కట్టు. మళ్లీ మంచం, మళ్లీ తల్లి వీపు. ఈసారి కట్టు వల్ల ఒక చేతితోనే మెడ పట్టుకోవాల్సి వచ్చేది.

కట్టు విప్పిన నాడు ఇంటికి రాగానే రూప మూల వైపు చూసింది. బండి లేదు.

"అమ్మా, నా బండేది?"

పుల్లమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "పాత ఇనుపోనికి ఏసిన."

"అబద్ధం చెప్పకు. ఇస్రాయేలన్న చేసిచ్చింది నువ్వు ఇనుపోనికి ఎయ్యవు."

"ఏసిన అంటున్న గద. ఇగ నడుసుడు వద్దు, ఏమొద్దు. ఈపారి చెయ్యి ఇరిగింది. రేపు నడుము ఇరిగితే? నేనున్న, నా ఈపు ఉన్నది. ఏం తక్కువ చేసిన నీకు?"

"ఏం తక్కువ చెయ్యలే. నువ్వు పోయినంక నన్ను ఎవరు ఎత్తుకుంటరు?"

పుల్లమ్మ చెయ్యి బియ్యంలో ఆగింది. "గా దినం రాదు."

"ఎందుకు రాదు?"

"నాకంటె ఒక్క దినం ముంగట నిన్ను తీస్కపొమ్మని అడుగుతున్న దేవుణ్ణి. నువ్వొచ్చిన కాన్నుంచి నేను చేసే ప్రార్థన గదొక్కటే."

గొంతులో కోపం లేదు, ఏడుపు కూడా లేదు. రేపు ఎవరి చేనుకు పోవాలో చెప్పినట్టే చెప్పింది. తల్లి పక్కన కూర్చున్న ఆదివారాలన్నీ రూపకు కళ్ల ముందు తిరిగాయి. పుల్లమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తుంటే, ఏం అడుగుతోందో తెలియకపోయినా, ప్రార్థన ముగిశాక పక్కనుంచి తానే ఆమెన్ అన్నది. ఎన్నిసార్లన్నదో లెక్క లేదు. తల్లి మీద ఆమెకు కోపం రాలేదు.

"ఆయన మర్సిపోతే ఎట్లమ్మా?" అని మాత్రం అడిగింది.

పుల్లమ్మ ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది.

రెండు రోజులు తల్లీబిడ్డలు అవసరమైన మాట తప్ప మాట్లాడుకోలేదు. మూడో రోజు పొద్దున పనికి పోయేముందు పుల్లమ్మ ఎక్కడికో పోయి బండిని తోసుకుంటూ వచ్చింది. చర్చి వెనక గదిలో బెంచీల మధ్య దాచి పెట్టిందట. దుమ్ము తుడిచి మంచం పక్కన నిలబెట్టి, కొడవలి తీసుకుని పోయింది.

ఆ తర్వాత రెండేళ్లు వాళ్లకు కాస్త కుదురుగా గడిచింది. కరోనా రోజుల్లో బస్సులు లేక గోళీలు దొరకనప్పుడు రూప కీళ్లు మళ్లీ పొంగాయి. ఎడమ మోకాలు సగం వంగి అలాగే బిగుసుకుపోయింది. అయినా తన పని తాను చేసుకునేది. ఒక రాడ్డు కొనకు కొక్కెం పెట్టించుకుని బట్టలు అందుకునేది. పిడికి గుడ్డ చుట్టిన లావు గరిటెతో కూర కలిపేది.

2022 జనవరిలో పత్తి చేనులో పుల్లమ్మ ఒరిగిపోయింది. పక్షవాతం. కుడి కాలు, కుడి చెయ్యి, మాట పడిపోయాయి. షాద్‌నగర్‌లో కంపెనీ పనిలో ఉన్న పరశురాం పెళ్లాంతో వచ్చి పది రోజులున్నాడు. ఇంకా ఉంటే పని పోతుందని వెళ్లాడు. పొద్దునా సాయంత్రం వాడ ఆడవాళ్లు ఇద్దరు వచ్చి పుల్లమ్మను పక్కకు తిప్పి, తుడిచి, బట్ట మార్చి పోయేవాళ్లు. మిగతా పొద్దంతా తల్లికి బిడ్డే దిక్కు.

రూప బండి పట్టుకుని తల్లి మంచం దాకా నడవగలదు. చెంచాను చేతికి గుడ్డతో కట్టుకుని జావ పోయగలదు. ఎత్తలేదు. పక్కకు తిప్పలేదు. బట్ట తడిసిందని తెలిసినా, సాయంత్రం ఎవరో వచ్చేదాకా ఆ వాసనలో తల్లి పక్కన కూర్చోవడమే. తనను ఏళ్ల తరబడి మోసిన మనిషిని జానెడు కదిలించలేకపోతున్నానని రూప కుమిలిపోయింది.

నెల గడిచాక పుల్లమ్మ నీళ్లు తాగడం మానేసింది. చెంచా దగ్గరికి తేగానే పళ్లు బిగించేది. మొదట రూపకు అర్థం కాలేదు. గొంతు దిగడం లేదేమో అనుకుంది. ఒక మధ్యాహ్నం ఎండిపోయిన తల్లి పెదవుల వైపు చూస్తుండగా తెలిసింది.

"తాగమ్మా," అంది. "తడిస్తే తడవనీ. నేను గీడనే ఉన్న."

పుల్లమ్మ కళ్లు ఆమె మీదే ఉన్నాయి. పళ్లు విప్పలేదు. ఆ రోజే కాదు, మర్నాడూ విప్పలేదు. డాక్టరును పిలిపించి ఒకటి రెండుసార్లు సెలైను పెట్టించారు. మార్చి మొదటి వారంలో, ఆడవాళ్లు వచ్చి తుడిచి పోయిన కాసేపటికి, పుల్లమ్మ ప్రాణం పోయింది. బిడ్డకంటే ముందే పోయింది. ఆ సంగతి తెలిసే పోయిందా లేదా అన్నది రూపకు ఇప్పటికీ తెలియదు.

సమాధి కార్యక్రమం అయ్యాక పరశురాం చెల్లెలి బట్టలు సంచిలో సర్దబోయాడు. "నడువు, మా కాడ ఉందువు."

"మీది రెండో అంతస్తు గదన్నా."

"అయితే ఏం? నేను ఎత్తుకపోయి పైన పెడ్త."

"పెడ్తవు. మల్ల కిందికి దించేదెప్పుడు? గీడ నాకు బయటికి తొవ్వ ఉన్నది. నేను రాను."

పరశురాంకు కోపం వచ్చింది. ఒక్కదాన్నే వదిలేశాడని ఊరంతా తననే తిడుతుందన్నాడు. తిడితే తిట్టనీ అంది రూప. అన్న పోయాక ఇంట్లో మొదటి సాయంత్రం ఆమె అన్నం వండుకోలేదు. రెండో రోజు వండుకుంది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి దించేసరికి రెండు గంటలు పట్టింది.

ఇప్పుడు ఆమెకు నలభై దాటింది. జబ్బు పోలేదు. కుడి మోకాలు కూడా బిగుస్తోంది. బండితో ఇంట్లో, వెనక దొడ్డి దాకా తిరుగుతుంది. అంతకు మించి నడిస్తే రెండు రోజులు పడక. ఆడవాళ్లకు బస్సు టికెట్టు తీసేసినప్పటి నుంచి పాలమూరు బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. పరీక్షకు పోవాల్సిన నాడు తెల్లవారగానే స్టేజి దగ్గర కూర్చుంటుంది. ఒకటి రెండు బస్సులు ఆపకుండా పోతాయి. ఎవరో ఇద్దరు చెరో చెయ్యి వేసి ఎక్కిస్తారు. పట్టుకోవడం తెలియక భుజం లాగుతారు. ఆమె పళ్లు బిగించి ఊరుకుంటుంది.

రెండేళ్ల కింద సుచరిత చక్రాల కుర్చీ రాసిస్తానంటే రూప ఒప్పుకోలేదు. కుర్చీలో కూర్చుంటే మళ్లీ ఎవరో తొయ్యాలి కదా అని ఆమె భయం. చేతులతో చక్రాలు తిప్పుకునే బలం లేదు. సుచరిత వార్డులో పాత కుర్చీ ఒకటి తెప్పించి తానే కూర్చుని, మడమలు నేలకు తన్ని వెనక్కి పోయి చూపించింది. "గిట్ల పో అక్కా. కాళ్లతోటి నూకు. ముంగటికి కాకున్నా ఎనకకన్నా పోతవు."

కుర్చీ వచ్చాక రూప వాడలో అలాగే వెనక్కి వెనక్కి పోవడం మొదలుపెట్టింది. ఆటో అద్దం లాంటిదొకటి ఇస్రాయేలు కుర్చీ చేతికి బిగించి ఇచ్చాడు. దాంట్లో చూసుకుంటూ దారి పట్టుకుంటుంది. మొదట్లో నవ్వినవాళ్లు ఇప్పుడు పక్కకు జరుగుతారు. కొందరు ఇంకా నవ్వుతారు.

మొన్న రేషన్ దుకాణంలో డీలరు ఆమెను చూసి విసుక్కున్నాడు. "నువ్వెందుకొచ్చినవు? ఎవరినన్న పంపకపోయినవా?"

"నాకెవరున్నరు పంపనీకి. నేనే వచ్చిన."

వేలు పెట్టమన్నాడు. వంకర తిరిగిన వేలు యంత్రం మీద సరిగ్గా ఆనలేదు. నాలుగుసార్లు పెట్టినా ముద్ర పడలేదు. వెనక వరుసలో ఉన్నవాళ్లు గొణగసాగారు. చివరికి కంటి యంత్రం తెచ్చి ముఖం ముందు పెట్టాడు. మెడ వంగదు కాబట్టి అతనే కిందికి వంగి పట్టుకోవాల్సి వచ్చింది. రూప రెప్ప వేయకుండా చూసింది. యంత్రం ఆమె పేరు చెప్పింది.

ఆరు కిలోల బియ్యం సంచి ఒళ్లో పెట్టించుకుంది. మోకాళ్ల మీద బరువు పడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. దారి ఇంటి దాకా కొంచెం ఎత్తు. అద్దంలో ఒకసారి చూసుకుని, మడమలు నేలకు ఆనించి తన్నింది. కుర్చీ ఒక అడుగు కదిలింది. ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ తన్నింది.